నిద్రపోతున్న క్షయకీ ఒక పథ్యం ఉంది

మందు చీటీ చేతికిచ్చి, ఎలా వాడాలో చెప్పి, "ఇక వెళ్ళి రండి" అన్నాక పేషెంటు గుమ్మం దాకా వెళ్తాడు. అక్కడ ఆగి, వెనక్కి తిరిగి ఒక మాట అడుగుతాడు. "పథ్యం ఏమన్నా ఉందా అండీ?"

కొత్తగా ఈ పనిలోకి వచ్చిన డాక్టర్లకి ఆ ప్రశ్న వింటే నవ్వొస్తుంది. కొందరికి చిరాకొస్తుంది. "ఏమీ లేదు, అన్నీ తినొచ్చు" అని చెయ్యి ఊపేసి తర్వాతి పేషెంటుని పిలుస్తారు. మచిలీపట్నంలో, అంటే మా నోట బందరులో, నేను ఛాతీ జబ్బుల డాక్టరుగా చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ప్రమోషన్ల గురించీ, ఆఫీసు గొడవల గురించీ ఇక్కడ రాయను. అవి ఎవరివైనా ఒకేలా ఉంటాయి, చదివేవాళ్ళకి నిద్రొస్తుంది. ఈ గుమ్మం దగ్గరి ప్రశ్న గురించి మాత్రం, ముఖ్యంగా కొత్త డాక్టర్ల కోసం, రాయాలి. ఒక నర్సమ్మాయి ఉద్యోగం దాని మీద ఆధారపడింది. ఒక ఇల్లు ఏళ్ళ తరబడి నమ్మిన మాట ఒకటి తప్పని తేలింది కూడా దానివల్లే.

గుడివాడ పెద్దాయన

తొంభైల మొదట్లో గుడివాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనికి చేరాను. ఆసుపత్రి నడిపే డాక్టరు గారిని ఊరంతా పెద్దాయన అనేది. నేనూ ఇక్కడ అలాగే రాస్తాను. అసాధ్యుడు. పేషెంటు బల్ల మీద కూర్చునే తీరు చూసి ఏ పక్క ఊపిరితిత్తిలో నీరుందో చెప్పేవారు. తర్వాత ఎక్స్‌రే వచ్చి ఆయన మాటే నిజమని ఒప్పుకునేది. కోపం కూడా అంతే. మందు మధ్యలో మానేసి వచ్చినవాణ్ణి వరండాలో అందరి ముందూ ఉతికి ఆరేసేవారు. అందుకని మానేసినవాళ్ళలో కొందరు మళ్ళీ ఆ వీధి మొహం చూసేవాళ్ళు కాదు.

పథ్యం ఏమిటని ఎవరడిగినా ఆయన జవాబు ఒకటే.

"వంకాయ మానెయ్. చేపలు బాగా తిను, బలం."

కొన్నాళ్ళు విని విని ఇక ఉండబట్టలేక అడిగాను. "వంకాయకీ క్షయకీ ఏం సంబంధమండీ?"

"ఏ సంబంధమూ లేదమ్మాయ్."

"మరెందుకు మాన్పిస్తున్నారు?"

"పథ్యం లేని మందు మన జనానికి మందే కాదు. ఇంటిల్లిపాదీ గుత్తి వంకాయ లాగిస్తుంటే తనొక్కడూ పచ్చడి మెతుకులు తిన్నవాడు పొద్దున్నే మాత్ర మర్చిపోతాడా? పోడు. వంకాయ కనపడినప్పుడల్లా మాత్ర గుర్తొస్తుంది. నాకు కావాల్సింది అదే."

"అది అబద్ధం కదండీ."

"అయితే నువ్వు నిజం చెప్పుకో. వాళ్ళు మందు మానేస్తారు. అప్పుడు మళ్ళీ నా దగ్గరికే పంపిద్దువుగాని."

ఆయన దగ్గర మందు మధ్యలో ఆపేసేవాళ్ళు తక్కువన్న మాట నిజమే. కళ్ళారా చూశాను. అయినా ఆ పద్ధతి నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. బందరు వచ్చి నా ఓపీ నేను చూసుకోవడం మొదలుపెట్టాక నేను చేసిన మొదటి పని వంకాయని విడుదల చెయ్యడం. ఎవరడిగినా "పథ్యం లేదు, అన్నీ తినండి" అనేదాన్ని. అలా అనడం చదువుకున్న డాక్టరు లక్షణమని గర్వపడేదాన్ని.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నేను చేప ముట్టను. మా ఇంట్లో ఎవరూ ముట్టరు. సముద్రం పక్కన ఊళ్ళో అలాంటి మనిషి ఊపిరితిత్తుల డాక్టరు కావడం మా కాంపౌండరుకి పెద్ద వినోదం. "మేడం గారూ, కొర్రమేనంటే తెలుసా అండీ?" అని వారానికోసారి పరీక్ష పెట్టేవాడు.

జబ్బు లేని మనిషికి మందు

క్షయ క్రిమి ఒంట్లోకి చేరినంత మాత్రాన జబ్బు వచ్చినట్టు కాదు. చాలామందిలో అది ఓ మూల నిద్రపోతుంది. దగ్గుండదు, జ్వరముండదు, ఎక్స్‌రే శుభ్రంగా ఉంటుంది, ఎవరికీ అంటదు. ముంజేతి మీద చర్మంలోకి చిన్న సూదిమందు ఎక్కించి రెండు మూడు రోజులాగి చూస్తే అక్కడ గట్టిగా వాస్తుంది, అంతే. మన దగ్గర పెద్దవాళ్ళని వరసగా నిలబెట్టి ఈ పరీక్ష చేస్తే చాలా చేతులు వాస్తాయి. నా చెయ్యీ వాచింది. అందుకే మన ఓపీల్లో పెద్దవాళ్ళకి ఈ పరీక్షకి పెద్ద విలువ ఇచ్చేవాళ్ళం కాదు. వరండాలో దగ్గేవాళ్ళు అంతమంది ఉండగా, నిద్రపోతున్న క్రిమిని వెతుక్కుంటూ వెళ్ళే తీరిక ఎవరికి?

క్షయ అరుదుగా ఉండే దేశాల్లో లెక్క వేరు. అక్కడ దగ్గేవాళ్ళు బాగా తక్కువ. కొత్తగా వచ్చే జబ్బులో చాలావరకు ఎప్పుడో ఎక్కడో ఒంట్లో చేరి నిద్రపోయిన క్రిమి లేచినదే. అందుకని అది నిద్రలో ఉండగానే వాళ్ళు దాని పని పడతారు. ఐసోనియాజిడ్ అనే మాత్ర రోజూ, నెలల తరబడి. పూర్తిగా ఆరోగ్యంగా ఉన్న మనిషి చేత మింగిస్తారు.

ఈ సంగతి విన్నప్పుడు మన జూనియర్లు "అక్కడివాళ్ళకి మరీ చాదస్తం" అంటారు. అక్కడివాళ్ళు మనని చూసి "మరీ నిర్లక్ష్యం" అంటారు. రెండూ తప్పే. ఇంట్లో దోమలు ముసురుకుంటున్నవాడు ముందు దోమతెర కట్టుకుంటాడు. ఒకటో రెండో ఉన్నవాడు మంచం కింద వెతికి చంపుతాడు. ఎవరి ఇంటికి తగ్గ పని వాళ్ళు చేస్తున్నారు.

మనమూ కొందరికి ఇస్తాం. క్షయ ఉన్నవాళ్ళింట్లో ఉండే ఆరేళ్ళ లోపు పిల్లలకి తప్పకుండా ఇవ్వాలి. బందరు పక్కనే ఉన్న చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు చేసే ఒకాయన భార్యకి నేను క్షయకి మందిచ్చాను. వాళ్ళ పాపకి కూడా మాత్ర వెయ్యమంటే ఆయన ఒప్పుకోలేదు.

"పాప బంగారంలా ఉందండీ. దానికి మందేంటండీ?"

"నువ్వు చేసే గొలుసులూ బంగారంలాగే ఉంటాయి కదయ్యా. లోపలేముందో నీకు తెలియదూ?"

ఆయన పకపకా నవ్వాడు. పాప మాత్ర వేసుకుంది. ఒక్కోసారి పది నిమిషాలు క్రిములూ ఊపిరితిత్తులూ అని చెప్పేకన్నా అవతలి మనిషి పనిలోంచి ఒక మాట తీసి చెప్తే చాలు.

అయితే ఒక్క జాగ్రత్త. మాత్ర ఇచ్చేముందు క్రిమి నిజంగానే నిద్రలో ఉందా, లేచి కూర్చుందా అన్నది తేల్చుకోండి. దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం అడగండి, ఎక్స్‌రే చూడండి. లేచిన జబ్బుకి ఒక్క మందే ఇస్తే ఆ మందుని ఎలా ఎదిరించాలో క్రిమికి మనమే నేర్పినట్టు. తాగుడు అలవాటుందేమో అడగండి. అన్నం సహించకపోయినా, వాంతులైనా, మూత్రం ముదురు పసుపు రంగులో వచ్చినా మాత్ర ఆపేసి పరిగెత్తుకు రమ్మని చెప్పండి. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. ఇక చెప్పబోయేది కూడా పుస్తకాల్లో ఉంది, కానీ ఒక్క వాక్యంలో ఉంది.

కరుణ

రెండువేల తర్వాత మా దివిసీమ నుంచి నర్సమ్మాయిలు యూరప్ దేశాలకి వెళ్ళడం ఎక్కువైంది. నాగాయలంక అమ్మాయి కరుణ అలాగే వెళ్ళింది. చిన్నప్పుడే తండ్రి పోయాడు. తల్లి మార్తమ్మ గారు స్కూలు టీచరు. వాళ్ళ చర్చిలో ఆదివారం పిల్లలకి పాటలు నేర్పేది కూడా ఆవిడే. కరుణకి చిన్నప్పట్నుంచీ ఒకటే కోరిక, క్యాన్సర్ వార్డులో పనిచెయ్యాలని. వెళ్ళిన ఆసుపత్రిలో అలాంటి పెద్ద వార్డుంది. అందులో ఆ అమ్మాయికి చోటూ దొరికింది.

చేరేటప్పుడు చేతి మీద పరీక్ష చేస్తే బాగా వాచింది. ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. క్యాన్సర్ మందుల వల్ల ఒంట్లో శక్తి తగ్గిపోయినవాళ్ళుండే వార్డు కాబట్టి ఆ ఆసుపత్రి ఒక షరతు పెట్టింది. మాత్రలు ఆర్నెల్లు వాడాలి, అప్పటిదాకా వేరే వార్డులో పని, కోర్సు పూర్తయితే ఈ వార్డు. రెండు నెలలకి పైగా అక్కడ చక్కగా వాడి, సెలవు మీద ఇంటికొచ్చింది. ఇంటికొచ్చాక గొడవ మొదలైంది.

తల్లీకూతుళ్ళిద్దరూ నాగాయలంక నుంచి బస్సులో బందరు వచ్చి నా ముందు కూర్చున్నారు. కరుణ నోరు విప్పేలోపే మార్తమ్మ గారు అందుకున్నారు.

"ఈ మందు మా ఇంటికి పడదండీ డాక్టరమ్మ గారూ. వాళ్ళ నాన్నకీ పడలేదు. దీనికీ పడట్లేదు. ఇక్కడ ఎవరికీ ఇవ్వరు కదండీ ఇది? అక్కర్లేదని మీరు ఒక్క మాట రాసివ్వండి చాలు."

"ఏమవుతోందమ్మాయ్?" అని కరుణని అడిగాను.

"అన్నం తిన్న కాసేపటికి మొహం, మెడ ఎర్రగా కందిపోతున్నాయి మేడం. గుండె దడ. తలపోటు భరించలేను. ఒళ్ళంతా దురద. సాయంత్రానికి దానంతటదే తగ్గిపోతుంది. ఇప్పటికి మూడుసార్లు వచ్చింది. ఊళ్ళో డాక్టరు గారు మాత్రకి ఎలర్జీ అన్నారు, ఆపెయ్యమన్నారు. ఆపేశాను."

"ఆపేస్తే అక్కడ ఏమంటారు?"

ఆ అమ్మాయి తల దించుకుంది. "ఎలర్జీ అని కాగితం తీసుకెళ్తే వేరే మందు ఇస్తారో లేదో తెలీదు మేడం. ఆ వార్డు మాత్రం ఇంకొకరికి ఇచ్చేస్తారు. వచ్చే వారం నా ప్రయాణం."

"పోతే పోనివ్వవే," అంది తల్లి. "వేరే వార్డులో చేసుకో. ప్రాణం కన్నా వార్డు ఎక్కువా?"

"నేను అక్కడికి వెళ్ళిందే ఆ వార్డు కోసమమ్మా," అంది కూతురు. అని ఇక ఏడుపు ఆపుకోలేకపోయింది.

అక్కడ పడింది, ఇక్కడ పడలేదు

ఊళ్ళో డాక్టరుని నేను తప్పు పట్టను. మాత్ర వేసుకున్న మనిషి మొహం ఎర్రబడితే ఎవరైనా ముందు ఎలర్జీ అనే అనుకుంటారు. కానీ నాకు ఒక చోట ముల్లులా గుచ్చుకుంది. మాత్ర రోజూ వేసుకుంటోంది కదా, ఈ ఇబ్బంది మూడు రోజులే వచ్చిందేం? అదే కంపెనీ, అదే పెట్టె, అక్కడ్నుంచి తెచ్చుకున్నవే. అక్కడ రెండు నెలలు పడ్డ మందు ఇక్కడికొచ్చి ఎందుకు పడదు? మందు మారలేదు, మనిషి మారలేదు. మారింది ఊరు.

"ఆ మూడు రోజులూ ఏం తిన్నావు?"

కరుణ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. "అమ్మ చేసే కానాగంత చేపల పులుసు మేడం. దానికోసమే కదా వచ్చింది."

"మూడుసార్లూ అదేనా?"

"రెండుసార్లు కానాగంతలు. ఒకసారి సూర చేప."

మార్తమ్మ గారు వెంటనే అడ్డుపడ్డారు. "అదే కూర నేనూ తిన్నానండీ. మా తమ్ముడు, వాళ్ళావిడ, పిల్లలు అందరూ తిన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు."

న్యాయమైన మాటే. ఆ ఒక్క మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు. నాకు మాత్రం అప్పుడు మెడికల్ కాలేజీలో మందుల పాఠంలో చదివిన ఒక వాక్యం గుర్తొచ్చింది. ఐసోనియాజిడ్ వాడేవాళ్ళు కొన్ని రకాల చేపలు తినకూడదు. పరీక్షకి బట్టీ పట్టి, పరీక్ష హాల్లోనే వదిలేసి వచ్చిన వాక్యం. చేప తినని దాన్ని కదా, దాని అవసరం నాకు కనపడలేదు.

"ఆ చేపల మాంసం తెల్లగా ఉంటుందా, ఎర్రగానా?" అని అడిగాను.

"ఎర్రగానే ఉంటుందండీ," అన్నారు మార్తమ్మ గారు, ఇదేం డాక్టరన్నట్టు నన్ను చూస్తూ.

వాళ్ళకి చెప్పినట్టే మీకూ చెప్తాను. కానాగంత, సూర, కవళ్ళు, ఇలాంటి సముద్రపు చేపల్లో వల్లోంచి తీశాక ఎండ తగిలేకొద్దీ ఒక పదార్థం పుడుతుంది. చేప కుళ్ళదు, వాసన రాదు, చూడటానికి నిగనిగలాడుతుంది. ఎంత ఉడికించినా ఆ పదార్థం పోదు. కొంచెమైతే మామూలు మనిషికి ఏమీ కాదు, మన పేగుల్లో దాన్ని విరిచేసే ఏర్పాటుంది. ఈ మాత్ర ఆ ఏర్పాటు చేతులు కట్టేస్తుంది. అప్పుడు నలుగురు హాయిగా తిన్న కూరే అయిదో మనిషి మొహం ఎర్రగా కాల్చేస్తుంది. కరుణ పనిచేసే దేశంలో ఆ అమ్మాయి తిన్నది మంచు పెట్టెలోంచి వచ్చిన తెల్ల చేప. అక్కడివాళ్ళకి మాత్ర గురించి బాగా తెలుసు, మన ఎండలో బుట్టలో ఊరు తిరిగే చేప గురించి తెలియదు. మనకి చేప గురించి తెలుసు, ఆరోగ్యంగా ఉన్న మనిషి ఆ మాత్ర వాడటం గురించి తెలియదు. ఈ రెండూ ఆ రోజు నా బల్ల మీద కలుసుకున్నాయి. దొరికిందన్న సంతోషం మొహంలో కనపడకుండా ఆపుకోవడం కష్టమైంది.

"చెప్తే నమ్మరు కాబట్టి చూపిస్తాను," అన్నాను. "ఈ ఊళ్ళో ఉండండి. రోజూ పొద్దున్నే నా ముందు మాత్ర వేసుకుని, మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం చెయ్యాలి."

చిలకలపూడిలో వాళ్ళకి చుట్టాలున్నారు, అక్కడ దిగారు. మొదటి రోజు మా ఇంట్లో పప్పు, దొండకాయ వేపుడు, చారు. కరుణ మర్యాదగా తింది. మొహం కందలేదు. రెండో రోజు బీరకాయ. మొహం కందలేదు, కానీ నీసు లేక ఆ అమ్మాయి పడే బాధ చూడలేక మా కాంపౌండరు ఇంటి నుంచి గుడ్ల కూర తెచ్చిచ్చాడు.

నాంచారమ్మ రాక

మూడో రోజు పొద్దున ఓపీలో పెద్ద గొంతు వినపడింది. "ఎక్కడా డాక్టరమ్మ? నా చేప విషమందంట?"

నాగాయలంకలో మార్తమ్మ గారింటికి చేపలు తెచ్చే నాంచారమ్మ. బందరులో ఏం జరుగుతోందో మార్తమ్మ గారు తమ్ముడికి ఫోనులో చెప్పారు. అది వీధిలో పడి నాంచారమ్మ దగ్గరికి చేరేసరికి విషమైంది. ఆవిడ బస్సెక్కి వచ్చేసింది.

"మా మావగారి కాలం నుంచి ఆ వీధికి చేపలు తెస్తన్నా. నా బుట్టలో చేప తిని ఎవరికన్నా కడుపునొప్పొచ్చిందా? ఈ పిల్ల నా చేతుల్లో పెరిగింది. దీనికి నేను విషం పెడతానా?"

"పిన్నీ, అట్టా ఎవరన్నారు?" అంటూ కరుణ లేచి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మొత్తం చెప్పాను. చేప మంచిదేననీ, మాత్ర కూడా మంచిదేననీ, రెండూ ఒక కడుపులో పడకూడదనీ. ఆవిడ అంతా విని, చివరికి అడిగింది.

"అయితే కొర్రమేను తినొచ్చా?"

"తినొచ్చు."

"రొయ్య?"

"తినొచ్చు. ఎర్ర మాంసం ఉండే సముద్రపు చేప ఒక్కటే వద్దు. వాటి ఎండుచేపలూ వద్దు. మాత్రలు అయ్యేదాకానే."

నాంచారమ్మకి కోపం తగ్గలేదు, దిక్కు మారింది. "మరి ఆ ముక్క మొదట్లోనే చెప్పొచ్చుగా! పత్తెం ఉన్న మందని తెలిస్తే నేను కానాగంతలు ఆ గుమ్మం తొక్కనిస్తానా? కొర్రమేను తెచ్చేదాన్నిగా!"

మేమందరం నవ్వాం. మార్తమ్మ గారు నవ్వలేదు.

వంకాయ

నాంచారమ్మా కరుణా బయటికి వెళ్ళాక ఆవిడ మెల్లగా అన్నారు. "ఆయనకి కూడా మొహం ఇలాగే కందేదండీ."

"మీవారికా?"

"ఆయనకి వచ్చింది నిజం జబ్బేనండీ. నెత్తురు పడేది. మందు మొదలెట్టాక దగ్గు తగ్గింది, లేచి తిరిగారు. తర్వాత భోంచేసినప్పుడల్లా మొహం ఎర్రబడటం, గుండె దడ. ఈ మందు నాకు పడట్లేదే అని మానేశారు. మానేసినట్టు డాక్టరు గారికి చెప్పాలంటే భయం. అందరి ముందూ తిడతారని వెళ్ళలేదు. జబ్బు తిరగబెట్టి పోయారు."

"ఏ డాక్టరు గారు?"

"గుడివాడలో పెద్దాయన అనేవాళ్ళండీ. చెయ్యి మంచిదని అంత దూరం వెళ్ళాం. పథ్యమేంటండీ అని నేనే అడిగాను. వంకాయ మానెయ్యమన్నారు. చేపలు బాగా తినమన్నారు."

చేతిలో కలం బల్ల మీద పెట్టేశాను.

"వంకాయ మా ఇంట్లో అప్పట్నుంచి వండలేదు డాక్టరమ్మ గారూ. ఆయన పోయాక కూడా వండలేదు, చేతులు రాలేదు. చేపలు మాత్రం వారానికి రెండు మూడుసార్లు వండి పెట్టేదాన్ని. ఆయనకి కానాగంతలంటే ప్రాణం." ఆవిడ తన చేతులకేసి చూసుకున్నారు. "నేనే వండి పెట్టానండీ."

పెద్దాయన నాకు గురువు. స్టెతస్కోపు ఎలా పెట్టాలో దగ్గర్నుంచి అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆయన చెడ్డవాడు కాదు. పేషెంటు మాత్ర మింగాలన్నదొక్కటే ఆయన తపన. కానీ పథ్యం అని అడిగినచోట ఒక అబద్ధం పెట్టేసరికి, అక్కడ ఉండాల్సిన నిజానికి చోటు లేకుండా పోయింది. ఆ అబద్ధాన్ని తీసేసిన నేను అక్కడ ఏమీ పెట్టకుండా ఖాళీగా వదిలేశాను. మార్తమ్మ గారి భర్త నా దగ్గరికి వచ్చుంటే నేను కూడా "అన్నీ తినండి" అనేదాన్నే.

దాచిపెట్టాలని నాకు అనిపించలేదు. "ఆయన దగ్గరే నేను పని నేర్చుకున్నానండీ," అన్నాను. "ఇన్నేళ్ళ తర్వాత మీవారికి జరిగింది ఇదేనని ఒట్టేసి చెప్పలేను. అయ్యుండొచ్చు. కానీ మార్తమ్మ గారూ, వండి పెట్టడం మీ తప్పు కాదు. మీరు అడిగారు. అడిగినప్పుడు సరైన మాట చెప్పాల్సింది మేము. మేము చెప్పలేదు."

ఆవిడ కొంగుతో కళ్ళు అదుముకున్నారు. వరండాలో పేషెంట్లు ఎదురు చూస్తున్నారు. చూడనివ్వమన్నాను కాంపౌండరుతో.

"ఒక్కటి మాత్రం ఒట్టేసి చెప్తాను," అన్నాను. "ఇది మీ ఇంటికి పడని మందు కాదు. మీ కళ్ళెదురుగానే మీ అమ్మాయి వేసుకుంటోంది."

కరుణ లోపలికొచ్చింది. ఆ రోజు మాత్ర ఇంకా వేసుకోలేదు. మార్తమ్మ గారు కూతురి సంచిలోంచి మందు పెట్టె తనే తీశారు. మాత్ర విడదీసి, నా బల్ల మీది గ్లాసులో నీళ్ళు పోసి, చిన్నపిల్లకి ఇచ్చినట్టు అందించారు.

"వేసుకోమ్మా," అన్నారు.

మీకు చెప్పదలుచుకున్నది

ఎలర్జీ కాదనీ, ఆ ఇబ్బంది చేపవల్ల వచ్చిందనీ, మాత్ర మళ్ళీ మొదలుపెట్టి చూశాననీ కరుణకి కాగితం రాసిచ్చాను. అక్కడి డాక్టరు దాన్ని ఒప్పుకుంది. మధ్యలో ఆగిన రోజులు కలిపి కోర్సు పొడిగించింది. వార్డు మాట ఏమవుతుందో కోర్సు అయ్యేదాకా చెప్పలేమంది.

ఆ తర్వాత నేను పేషెంటు గుమ్మం దాకా వెళ్ళేదాకా ఆగలేదు. కూర్చున్నప్పుడే నేనే మొదలుపెట్టేదాన్ని. మీ ఇంట్లో ఏం వండుకుంటారు, చేప తింటారా, ఏ చేప, సముద్రానిదా చెరువుదా, పొద్దున తెస్తారా మధ్యాహ్నమా. మంగినపూడి తీరం వైపు నుంచి వచ్చేవాళ్ళు నా ప్రశ్నలకి ముసిముసిగా నవ్వేవాళ్ళు, చేప తినని డాక్టరమ్మకి చేపల మీద ఇంత ధ్యాసేమిటని. నవ్వనిచ్చాను. ఐసోనియాజిడ్ అన్నది నిద్రపోయే క్షయకైనా, లేచిన క్షయకైనా ఇచ్చేదే. తీరంలో పనిచేసే మీరు ఆ మాత్ర రాసిన ప్రతిసారీ ఆ చేపల పేర్లు చెప్పండి. అందరికీ ఇబ్బంది రాదు, చాలామందికి రాదు. వచ్చిన ఒక్కరికి ముందే తెలిసుంటే చేప మానేస్తారు. తెలియకపోతే మందు మానేస్తారు.

తిట్టకండి కూడా. తిట్టే డాక్టరు దగ్గరికి మందు మానేసినవాడు రాడు. ఎందుకు మానేశాడో మీకు ఎప్పటికీ తెలియదు. పెద్దాయన దగ్గర మధ్యలో ఆపేసినవాళ్ళు తక్కువని నేను పైన రాశాను కదా. ఆపేసి, భయపడి రానివాళ్ళని ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు.

ఆ ఎండాకాలం పోయి వానలు పడ్డాక ఒక ఆదివారం మార్తమ్మ గారు మా ఇంటికి ఫోన్ చేశారు. కోర్సు అయిపోయిందని, కరుణని ఆ వార్డులోనే వేశారని చెప్పారు. అక్కడ మందులిచ్చే ఆయన ఇప్పుడు ఈ మాత్ర ఇచ్చే ప్రతివాళ్ళకీ చేప మాట చెప్తున్నాడట. చెప్పకపోతే కరుణ ఊరుకోవట్లేదట.

"పడిందండీ," అన్నారు ఆవిడ. "మా ఇంటికి పడింది."

చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టున్నారు, వెనకాల వంటింట్లో ఏదో వేగుతున్న చప్పుడు వినపడుతోంది.

"ఏం వండుతున్నారు?" అని అలవాటుగా అడిగాను.

"వంకాయండీ," అన్నారు.